పట్నంలో బందీల దారి

గురువారం, గోల్కొండ

సూర్యాపేటలో చీకటితోనే బస్సెక్కితే, దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేసరికి ఎండ ఇంకా చురుక్కుమనలేదు. మా అక్క కొడుకు బండి వేసుకొని వచ్చాడు. అశోక్‌నగర్‌లో రూము తీసుకొని గ్రూప్-1కు చదువుతున్నాడు. "ఏమేం చూస్తవ్ మామా?" అంటే జేబులోని కాగితం తీసిచ్చాను. చార్మినార్ లేదు, సాలార్‌జంగ్ మ్యూజియం లేదు, ఫిల్మ్ సిటీ అసలే లేదు. గోల్కొండలో రామదాసు బందీఖానా, ఆబిడ్స్‌లో సరోజినీనాయుడి ఇల్లు, కోఠీ, ముషీరాబాద్, చంచల్‌గూడ, బేగంపేట. వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది మామా, అన్నీ జైళ్లే ఉన్నయ్?" అన్నాడు.

సంగతేమిటంటే, మొన్నామధ్య మా దిక్కు ఒక నాయకుడు భూముల కేసులో లోపలికి పోయి, బెయిలు మీద బయటికొచ్చాడు. రోడ్డు పొడుగునా కార్లు, డీజే, క్రేన్‌తో వేసిన గజమాల. మైకు పట్టుకున్నాయన "గాంధీ జైలుకు పోయిండు, నెహ్రూ పోయిండు, మా అన్న పోయిండు" అని వరస కలిపాడు. జనం ఈలలు వేశారు. ఆ వరస నాకు మింగుడుపడలేదు. జైలు, దేశబహిష్కారం నిజంగా అనుభవించిన నాయకులు ఈ పట్నంలో ఎందరో ఉన్నారు. వాళ్లు అక్కడ రోజులు ఎలా గడిపారు, బయటికొచ్చి ఏం చేశారు? వాళ్లు తిరిగిన చోట్లకు పోయి ఆలోచిద్దామనిపించింది.

గోల్కొండలో బాలాహిస్సార్ దర్వాజా కింద ఎప్పటిలాగే చప్పట్లు. పైకెక్కినవాళ్లకు ఫోన్ చేసి "వినవడ్డదా?" అని అడుగుతున్నారు. అక్కన్న మాదన్నల కచేరీ శిథిలాలు దాటి మెట్లెక్కుతుంటే దారిలో వస్తుంది రామదాసు బందీఖానా. ఎత్తుగోడలు, పైన కప్పులో కంత. గోడమీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడి బొమ్మలు. చీకట్లో చేతికందినదానితో రామదాసే చెక్కాడని గైడు చెబుతాడు, జనం దండం పెట్టుకొని ముందుకు కదులుతారు.

కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీలుదారు. వసూలైన శిస్తు సర్కారుకు కట్టకుండా భద్రాచలం గుడికి ఖర్చుపెట్టాడు. రెవెన్యూ శాఖలో ఎవరినడిగినా దాన్ని నిధుల మళ్లింపే అంటారు, గోల్కొండ సుల్తాను తానీషా కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. పన్నెండేళ్లు లోపల ఉన్నాడని జనం మాట. నాకు ఎప్పటినుంచో నచ్చే విషయం ఒకటుంది. లోపల కూర్చుని ఆయన పాడినవాటిలో దేవుణ్ని కాళ్లావేళ్లా పడి వేడుకున్నవి ఎన్నో, నిలదీసి లెక్క చెప్పినవీ అన్ని ఉంటాయి. ఏ నగకు ఎన్ని మొహరీలయ్యాయో, అది ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావో రాముణ్ని ముఖం మీదే అడిగాడు. కొలువు పోయింది, హోదా పోయింది, అయినా తహశీలుదారు అలవాటు పోలేదు. చేతిలో మిగిలిన ఆ ఒక్క పని, లెక్క రాయడం, దాన్నే పాట చేసుకున్నాడు.

ఇదే కోటలో అసలు మలుపు ఇంకొకటుంది, గైడ్లు దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. గోపన్నను లోపల వేయించిన అబుల్ హసన్ తానీషాను 1687లో ఔరంగజేబు పట్టుకున్నాడు. ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట, లోపలివాడు డబ్బుకు తలుపు తీయడంతో ఒక్క రాత్రిలో పోయింది. మొగలు అధికారులు మహల్లోకి దూసుకొచ్చినప్పుడు తానీషా ఏ కంగారూ లేకుండా భోజనం వేళైందని కూర్చుని తిన్నాడని, వచ్చినవాళ్లనూ తినమన్నాడని మొగలుల చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఈ పరిస్థితిలో ముద్ద ఎలా దిగుతోందని వాళ్లే ఆశ్చర్యపోయారట. తర్వాత దౌలతాబాద్ కోటలో బంధించారు. పన్నెండేళ్లకు పైగా అక్కడే ఉండి అక్కడే పోయాడు. ఖుల్దాబాద్‌లో పాతిపెట్టారు.

దిగొచ్చి కుతుబ్‌షాహీ సమాధుల వైపు వెళ్లాం. తాతలు, తండ్రులు, మామలు, వైద్యులు, నాట్యకత్తెలు అందరికీ అక్కడ గుమ్మటాలున్నాయి. ఆఖరి సుల్తానుకు మాత్రం లేదు. మావాడు నోట్‌బుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. "రెండు మార్కులు మామా" అన్నాడు.

గోడమీద బొమ్మ చూసినప్పుడే ఇందూరు (నిజామాబాద్) కోట గుర్తొచ్చింది. నిజాం కాలంలో అక్కడి జైల్లో ఉన్న దాశరథి కృష్ణమాచార్య కాగితం, కలం దొరక్క బొగ్గుతో గోడలమీద పద్యాలు రాశారు. వార్డర్లు తుడిపించేవాళ్లు, ఆయన మళ్లీ రాసేవారు. పక్కనే వట్టికోట ఆళ్వారుస్వామి ఉండేవారు. ఇద్దరి మధ్య మూడు వందల ఏళ్ల దూరం ఉన్నా రామదాసుకూ దాశరథికీ దొరికింది గోడే.

శుక్రవారం, ఆబిడ్స్, నాంపల్లి

గోల్డెన్ త్రెషోల్డ్ ముందు నుంచి నేను ఎన్నిసార్లు పోయానో. నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద హారన్ల మధ్య ఆ గేటు కంటికి ఆనదు. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైంది ఈ ఇంట్లోనే. సరోజినీనాయుడి ఇల్లని అందరికీ తెలుసు. అయితే ఇది ఒక్కరి ఇల్లు కాదు, ఒక కుటుంబం తరాల తరబడి జైళ్లకూ పరదేశాలకూ బయల్దేరిన గడప.

మొదటివాడు ఆమె తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ. ఎడింబరోలో డాక్టరేటు చేసి వచ్చిన బెంగాలీ. ఇక్కడ ఆయన నడిపిన కాలేజీయే తర్వాత నిజాం కాలేజీ అయింది. 1883లో నిజాం రాజ్యంలో చాందా రైల్వే గొడవ లేచింది. రైలుమార్గానికి ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం, రాబడికి సర్కారు పూచీకత్తు, భారం మాత్రం రైతు మీద. ఒప్పందం షరతులు బయటపెట్టండని అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం తదితరులు అడిగారు. అడిగినందుకు అఘోరనాథ్‌ను ఉద్యోగం నుంచి తప్పించి, రాజ్యం నుంచే వెళ్లగొట్టారు. సరోజినికి అప్పటికి నాలుగేళ్లు. మావాడు నవ్వాడు: "అంటే ఆర్టీఐ వేసినందుకు వెళ్లగొట్టిన్రు మామా." అంతే మరి. ఏళ్లు గడిచాక మళ్లీ ఆయన్నే పిలిచి కొలువిచ్చారు. ఆయన వచ్చి మళ్లీ పాఠాలు చెప్పాడు. కసి పెట్టుకోలేదా, పెట్టుకుని కూడా పాఠం చెప్పాడా, మనకు తెలియదు. పెద్దకొడుకును చూస్తే మాత్రం ఇంట్లో ఏదో రగిలే ఉంటుందనిపిస్తుంది.

ఆ పెద్దకొడుకు వీరేంద్రనాథ్ 1880లో పుట్టాడు. ఐసీఎస్ పరీక్ష కోసం లండన్ వెళ్లి విప్లవకారుల్లో కలిశాడు. అక్కడినుంచి పారిస్, బెర్లిన్, స్టాక్‌హోమ్, మళ్లీ బెర్లిన్. మొదటి ప్రపంచయుద్ధంలో, భారత స్వాతంత్ర్యం కోసం అక్కడి విప్లవకారులు పెట్టుకున్న బెర్లిన్ కమిటీకి ఆయనే నడిమి స్తంభం. 1927లో సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి పుట్టినప్పుడు దాని కార్యదర్శుల్లో ఒకడు, నెహ్రూకు అక్కడే దగ్గరయ్యాడు. హిట్లర్ నీడ పడుతుంటే సోవియట్ దేశం చేరి, లెనిన్‌గ్రాడ్‌లో పరిశోధన పని చేసుకున్నాడు. 1937లో స్టాలిన్ ప్రక్షాళనల్లో పట్టుకుపోయి, సెప్టెంబరులో కాల్చేశారు. ముప్పై అయిదేళ్ల పరదేశవాసం, తిరుగుప్రయాణం లేదు. బ్రిటిష్‌వాడికి ఏనాడూ దొరకని మనిషి, తాను నమ్మి చేరిన దేశం చేతిలో పోయాడు. కష్టాలకు తట్టుకుని నిలబడినవాళ్ల కథల్లో మనం ఇలాంటివాళ్లను చేర్చం. నిలబడినా గెలవనివాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

తమ్ముడు హరీంద్రనాథ్ కవి, నటుడు, జైలుకూ వెళ్లాడు. 1952లో ఈ హైదరాబాదీ బెంగాలీని లోక్‌సభకు పంపింది విజయవాడ ఓటర్లు. ఇది చెబితే మావాడు నమ్మలేదు, ఫోన్లో వెతికి చూసుకున్నాడు.

సరోజిని సంగతి అందరూ చదివిందే. 1908 మూసీ వరదల్లో సేవకు ఇచ్చిన కైసర్-ఎ-హింద్ పతకాన్ని జలియన్‌వాలాబాగ్ తర్వాత తిరిగిచ్చేశారు. 1930లో గాంధీ, ఆయన తర్వాత అబ్బాస్ త్యాబ్జీ అరెస్టయ్యాక ధరాసన ఉప్పు సత్యాగ్రహాన్ని నడిపించి యెరవాడ జైలుకు వెళ్లారు. 1932లో మళ్లీ. 1942లో గాంధీతో పాటు ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధం, ఒంట్లో బాగోక మరుసటి ఏడు విడుదల. ఆ ఏళ్లలో పిల్లలకు ఆమె రాసిన ఉత్తరాల్లో ఏడుపుకన్నా పరిహాసం ఎక్కువ. సంస్థానంలో సౌఖ్యంగా పెరిగిన మనిషి, నవాబుల ఇళ్లలో విందులు తిన్న మనిషి, జైలు గదిని కూడా నలుగురు వచ్చి కూర్చునే ఇల్లు చేసుకోగలిగారు. ఈ గుణం రాజకీయాల్లో చాలా తక్కువగా కనబడుతుంది. కష్టం వచ్చిన నాయకుడు సాధారణంగా ముందు నవ్వడం మానేస్తాడు.

మధ్యాహ్నం నాంపల్లి షా ఖామోష్ దర్గా ఖబరస్తాన్‌కు వెళ్లాం. మఖ్దూం మొహియుద్దీన్ సమాధి అక్కడుంది. సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన కవి, కార్మిక సంఘాలు కట్టిన కమ్యూనిస్టు. అజ్ఞాతంలో తిరిగి 1951లో దొరికిపోయాడు. మరుసటి ఏడే ఎమ్మెల్యే. ఎక్కడినుంచో మావాడికి కూడా తెలుసు, మా దిక్కు హుజూర్‌నగర్ ఉపఎన్నికలో గెలిచాడు. ఉర్దూ కవికి తెలుగు పల్లెలు ఓట్లు వేశాయి. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీచేశారు. అదే ఎన్నికల్లో నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. ఆలేరులో ఆరుట్ల కమలాదేవి గెలిచారు, ఆమె కూడా జైలు చూసొచ్చినవారే. సరోజిని కొడుకు జయసూర్య మెదక్ నుంచి పీడీఎఫ్ ఎంపీ. మా ఊరి పెద్దలు ఇప్పటికీ ఆ ఎన్నికల ముచ్చట చెబుతారు. గజమాలలు ఎవరూ వేయలేదట, వేసే స్తోమత ఎవరికీ లేదు.

శనివారం, కోఠీ

పొద్దున హెరిటేజ్ నడకలో చేరి, నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) ఉండిన పాత రెసిడెన్సీ చూశాను. కిర్క్‌పాట్రిక్ కట్టించిన తెల్ల భవనం, ముందు రెండు సింహాలు, లోపల అద్దాలు, షాండ్లియర్లు. తర్వాత మహిళా కళాశాల, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. నడక నడిపించిన అమ్మాయి కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసా ప్రేమకథ బాగా చెప్పింది. మేం వచ్చింది వేరే కథకు.

1857 జులై 17. మక్కా మసీదు దగ్గర పోగైన రోహిల్లాలు, జనం కలిసి రెసిడెన్సీ మీదికి వచ్చారు. ముందు నడిచింది మౌల్వీ అలావుద్దీన్, బేగంబజార్ తుర్రేబాజ్ ఖాన్. తిరుగుబాటుదార్లంటూ పట్టి రెసిడెన్సీకి అప్పజెప్పిన జమాదార్ చీదాఖాన్‌నూ అతని మనుషులనూ విడిపించాలని. దాడి సంగతి దివాన్ సాలార్‌జంగ్ ముందే రెసిడెంటుకు కబురుపెట్టాడు. ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి, రాత్రంతా పోరాడినా తెల్లారేసరికి అయిపోయింది.

తుర్రేబాజ్ పట్టుబడ్డాడు, యావజ్జీవం ద్వీపాంతరం వేశారు. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. తూప్రాన్ దగ్గర పట్టుకుని కాల్చి, శవాన్ని తెచ్చి ఈ కోఠీలోనే వేలాడదీశారు. అలావుద్దీన్‌ను అండమాన్ పంపారు. చాలా ఏళ్లు అక్కడే బతికి అక్కడే పోయాడు. పిల్లలు ఇప్పటికీ తుర్రంఖాన్ అని దెప్పుకుంటారు, మౌల్వీని తలిచేవాళ్లు తక్కువ. పారిపోతూ తూటా తగిలి పోయినవాడు కథ అవుతాడు. దీవిలో ప్రతి పొద్దూ లేచి ఇంకో రోజు గడిపినవాడు ఒక రిజిస్టరు నంబరు అవుతాడు. ఏది కష్టమంటే నేను రెండోదే అంటాను.

స్మారక స్తంభం బస్టాపు పక్కన ఉంది. చుట్టూ చెప్పుల బండ్లు, ఫోన్ కవర్లు, చెరుకురసం. ఒకాయన స్తంభం గట్టుమీద కూర్చుని ఇరానీ చాయ్ తాగుతున్నాడు. దీనికి బాధపడాలా అని ఆలోచించాను. అనిపించలేదు. బడీచౌడీలో మావాడికి ఒక పాత పుస్తకం కొనిచ్చి, సుల్తాన్ బజార్‌లో మెట్రో ఎక్కాం.

ఆదివారం, ఉస్మానియా, ముషీరాబాద్

ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ ముందు ఒకటే వాకింగ్ జనం. మెట్లమీద ఫొటో షూట్లు. ఈ కట్టడం తెరిచింది 1939 డిసెంబరులో. దానికి ఏడాది ముందు, 1938 చలికాలంలో, ఇక్కడి హాస్టళ్లలో విద్యార్థులు ప్రార్థనలో వందేమాతరం పాడారు. పాడొద్దన్నారు, పాడతామన్నారు. వందల మందిని విశ్వవిద్యాలయం నుంచి తీసేశారు. వరంగల్, ఔరంగాబాద్, గుల్బర్గా కాలేజీలకూ అది పాకింది.

ఇక్కడి వరకు అందరికీ తెలుసు. తర్వాత ఏమైందో నాకు ఎక్కువ ఇష్టం. వాళ్లంతా ఏ విశ్వవిద్యాలయం తీసుకుంటుందా అని ఊళ్లు తిరిగారు. నాగపూర్ విశ్వవిద్యాలయం వైస్‌చాన్సలర్ కేదార్ రమ్మన్నారు. సామాన్లు సర్దుకుని రైలెక్కి, తెలియని ఊళ్లో, తెలియని తిండి తింటూ డిగ్రీలు పూర్తిచేశారు. హనుమకొండలో చదువుతున్న పీవీ నరసింహారావు అలా నాగపూర్ చేరినవాడే. మరాఠీ మరింత గట్టిపడింది. దేశబహిష్కారానికి గురైనవాడు ముందు చేయాల్సింది ప్రతిజ్ఞలు కాదు, అడ్మిషన్ ఫారం నింపడం. ఈ మాట అంటే మావాడు వెంటనే, "మరి మా నోటిఫికేషన్ల సంగతేంది మామా?" అన్నాడు. వాడి దోస్తులు ఎన్నేళ్లుగా అశోక్‌నగర్ రూముల్లో ఉన్నారో చెప్పుకొచ్చాడు. అదో రకం వెలి. నేను చెప్పడానికేమీ లేకపోయింది.

మధ్యాహ్నం గాంధీ ఆసుపత్రి దగ్గర దిగాం. ఓపీ లేని రోజైనా గేటు దగ్గర జనం తగ్గలేదు. చెట్లకింద టిఫిన్ డబ్బాలు, ఆరేసిన చీరలు, పరుపుల మూటలు. 2003లో ఆసుపత్రి ఇక్కడికి రాకముందు ఇది ముషీరాబాద్ జైలు. ఎమర్జెన్సీలో హైదరాబాద్ జైళ్లలో సంఘ్ కార్యకర్తలు, సోషలిస్టులు, నక్సలైట్లు ఒకే కాలంలో ఉన్నారు. బయట ఎదురుపడితే మొహం చూసుకోనివాళ్లు లోపల ఒకే పప్పు తిన్నారు. వాళ్లలో తర్వాత మంత్రులు, గవర్నర్లు అయినవాళ్లున్నారు. చంచల్‌గూడలో ఉన్న బండారు దత్తాత్రేయ ఆ రెండూ అయ్యారు.

భూమయ్య, కిష్టాగౌడ్ ఏమీ కాలేదు. ఆదిలాబాద్ రైతులు, నక్సలైట్లు. శిక్ష తగ్గించమని దేశమంతటా విన్నపాలు వెళ్లినా, ఎమర్జెన్సీ నడుస్తుండగా 1975 డిసెంబరు 1న ఈ ముషీరాబాద్ జైల్లోనే ఉరితీశారు. ఆ చోటు ఇప్పుడు ఏ వార్డు కిందకు వస్తుందో తెలుసుకోవాలని కూడా నాకు అనిపించలేదు. లోపల మంచాల మీద ఉన్నవాళ్లకు ఆ సంగతి చెప్పి ప్రయోజనమేముంది? కటింగ్ చాయ్ తాగి వచ్చేశాం.

సోమవారం, చంచల్‌గూడ, బేగంపేట

చంచల్‌గూడ జైలు 1876 నాటిది, ఇప్పటికీ జైలే. మలక్‌పేట మెట్రో దిగి ఆటోలో వెళ్లాం. ములాఖత్‌కు వచ్చిన ఆడవాళ్లు ఆధార్ కాపీలు పట్టుకుని వరసలో నిలబడ్డారు, ఒకామె చంకలో పిల్లాడు. ఖైదీలు నడిపే పెట్రోలు బంకులో ఆటోవాడు పెట్రోలు పోయించుకున్నాడు, ఇక్కడ కొలత మోసం ఉండదన్నాడు.

వందేమాతరం రోజుల్లోనే రామచంద్రరావు అనే యువకుణ్ని ఈ గోడల వెనకే కొరడాలతో కొట్టారు. దెబ్బకొకసారి వందేమాతరం అన్నాడు. ఆ తర్వాత ఇంటిపేరు వావిలాల పోయి వందేమాతరం అయింది. 1947 డిసెంబరు 4న కింగ్‌కోఠీ దగ్గర నిజాం కారు మీద బాంబు విసిరిన నారాయణరావు పవార్‌కు ఉరిశిక్ష పడింది. అమలయ్యేలోపే నిజాం రాజ్యమే కూలింది, 1949లో బయటికొచ్చాడు. స్వామి రామానందతీర్థను కూడా పదేళ్లలో మళ్లీమళ్లీ లోపల పెట్టారు.

ఈ నడకంతా నిజానికి ఆయన కోసమే అనాలి. అసలు పేరు వెంకటేశ్ ఖేడ్గీకర్, 1903లో సిందగిలో పుట్టాడు. బడిపంతులు. సన్యాసం తీసుకుని కూడా బడి వదల్లేదు. 1938లో హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ పుట్టకముందే దాన్ని నిషేధించారు. అక్టోబరులో సత్యాగ్రహం చేసి జైలుకెళ్లాడు. 1940లో మళ్లీ, 1942లో మళ్లీ. నిషేధం 1946లో గానీ ఎత్తలేదు, అంటే ఎనిమిదేళ్లు లేని పార్టీకి నాయకుడు. 1947 ఆగస్టు 7న భారత యూనియన్‌లో చేరాలని ఊరూరా జెండాలు. ఆగస్టు 15న దేశమంతా జెండా వందనం చేస్తుంటే ఆయన్ని అరెస్టు చేశారు. నడుమ కొద్దివారాలు వదిలి మళ్లీ పట్టుకున్నారు. 1948 సెప్టెంబరు 17 దాకా లోపలే. కార్యకర్తలు సరిహద్దు దాటి చాందా, షోలాపూర్, బెజవాడ శిబిరాల్లో ఉన్నారు, నాయకుడు మాత్రం ఇక్కడ గదిలో. పంతులుగిరీ, సన్యాసమూ ఆయనకు అక్కడ పనికొచ్చాయనుకుంటాను. రోజును గంటలుగా కోసుకుని, గంటకో పని పెట్టుకుని బతకడం రెండిట్లోనూ నేర్పేదే.

బేగంపేటలో ఆయన స్మారకం, సమాధి ఉన్నాయి. మెట్రో దిగి అడుగుతూ వెళ్తే, రెండు వీధుల అవతల ఉన్నవాళ్లకు కూడా తెలియదు. పీవీకి గురువు లాంటివాడు, ఈ స్మారక ట్రస్టును పీవీ చాలా ఏళ్లు చూసుకున్నారు. చెట్లు బాగున్నాయి, శుభ్రంగా ఉంది, మేం తప్ప ఎవరూ లేరు.

ఇదే బేగంపేటలో, సైనిక చర్య తర్వాత, నిజాం ఆఖరి ప్రధాని లాయక్ అలీని గృహనిర్బంధంలో పెట్టారు. 1950 మార్చిలో ఆయన బురఖాలో కాపలా కళ్లుగప్పి పాకిస్తాన్ చేరాడు. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ యెరవాడలో శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. జైలూ, పరదేశమూ వాళ్లూ చూశారు. మా ఊరి మైకాయన వరసలో వీళ్లను కూడా కలపొచ్చు కదా అని మావాడితో అన్నాను. "జైలుకు పోవుడు కాదు మామా, ఎందుకు పోయిండన్నది లెక్క" అన్నాడు. గ్రూప్-1 ఇంటర్వ్యూ ఉంటే ఆ జవాబుకు నేనైతే మార్కులేస్తాను.

స్వామీజీ మీద నాకు గౌరవం జైలు వల్ల మాత్రమే కాదు. సంస్థానం విలీనమయ్యాక ముఖ్యమంత్రి పదవి కోసం పాకులాడలేదు. జైలు చూసొచ్చిన ఇంకో కాంగ్రెస్ నాయకుడు బూర్గుల రామకృష్ణారావు 1952లో ఆ కుర్చీ ఎక్కారు, స్వామీజీ గుల్బర్గా నుంచి, తర్వాత ఔరంగాబాద్ నుంచి ఎంపీగా వెళ్లారు. ఏ రాష్ట్రం కోసం పదేళ్లు జైళ్ల చుట్టూ తిరిగారో, దాన్ని భాషలవారీగా విడదీయాలని ఆయనే గట్టిగా వాదించారు. 1956 నవంబరు 1న అదే జరిగింది. గుల్బర్గా మైసూరుకు పోయింది, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రానికి, తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లోకి. తన పలుకుబడి అంతా మరాఠీ, కన్నడ జిల్లాల్లో ఉంటే ఆయన మాత్రం తెలుగు పట్నంలోనే ఉండిపోయి, 1972లో ఇక్కడే కన్నుమూశారు. తన రాజకీయ పునాదిని తానే మూడు ముక్కలు చేసుకున్న నాయకుణ్ని నేను ఇంకొకర్ని చూడలేదు. విడదీయడం మంచిదా చెడ్డదా అని మావాడూ నేనూ అమీర్‌పేట దాకా వాదించుకున్నాం, తేలలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా వాడే అన్నాడు, కాగితంలో ఒకటి మిగిలిందని. మన్ననూరు. నల్లమలలో, అచ్చంపేట అవతల. ఆర్యసమాజ్ నాయకుడు పండిత్ నరేంద్రజీని విచారణ లేకుండా నిజాం సర్కారు అక్కడికి పంపింది, హైదరాబాద్ రాజ్యానికి అదే అండమాన్. "ప్రిలిమ్స్ అయినంక పోదాం మామా, బండి మీదనే" అన్నాడు. శ్రీశైలం రోడ్డు బాగానే ఉంటుంది గానీ, రాత్రి తొమ్మిది దాటితే అడవిలోకి బండ్లను వదలరు. చీకటితోనే బయల్దేరాలని చెప్పి బస్సెక్కాను.